ఒక్కడు ఎత్తిన తలుపు

ఆ తలుపును అంత బరువు చేసింది నేనే. ఈ సంగతి మొదటే ఒప్పుకుంటున్నాను. లేకపోతే కాసేపటికి మేనేజర్‌ని తిట్టడం మొదలుపెట్టి నా వాటా మరిచిపోతాను. మేనేజర్‌ని ఎలాగూ తిడతాను, అందులో మొహమాటం లేదు.

గల్ఫ్‌కు వీసా వచ్చిన కుర్రాళ్లు ఇప్పటికీ మా ఇంటికి వస్తుంటారు. "కాకా, అక్కడ ఎట్ల ఉండాలె?" అని అడుగుతారు. నీళ్లు బాగా తాగండి, కాగితాలు జిరాక్స్ తీసి పెట్టుకోండి అని చెప్పి పంపిస్తుంటాను. అసలు చెప్పాల్సింది ఇది, ఎవరికీ చెప్పలేదు.

తొంభైల్లో నేను ఒమాన్‌లో, ఇబ్రాలో వెల్డర్‌ని. మాది జగిత్యాల వైపు. ఊరి బయట వర్క్‌షాపులన్నీ ఒకచోట ఉండే సనయ్యలో మా కంపెనీ షెడ్డు. ఇళ్లు, ప్రహరీలు, నీళ్ల ట్యాంకులు కట్టే కంపెనీ. యజమానిని అందరం అర్బాబు అనేవాళ్లం. మనిషి చెడ్డవాడు కాదు, కానీ కింద ఏం జరుగుతోందో ఎప్పుడూ అడిగేవాడు కాదు. అడగాల్సిన పని మేనేజర్‌ది. ఆ మేనేజర్ మన దేశం వాడే. ఏ రాష్ట్రమో చెప్పను, చెబితే ఆ రాష్ట్రం వాళ్లు నా మీదికి వస్తారు.

అర్బాబుకు ఒక సరదా ఉండేది. లావు టైర్లతో ఇసుక మీద పరుగెత్తే బండ్లు నాలుగు కొన్నాడు. ఇబ్రా దాటి కొంత దూరం పోతే ఇసుక తిన్నెలు మొదలవుతాయి. గురువారం గురువారం చుట్టాలనూ, మస్కట్ నుంచి వచ్చే అతిథులనూ తీసుకుని అక్కడికి పోయేవాడు. పెద్దవాళ్ల ఆటబొమ్మలు అవి. వాటిని మోయడానికి మూసి ఉన్న డబ్బాలాంటి ట్రాలీ ఒకటి చేయమని నాకు చెప్పారు. దాని వెనక గోడే తలుపు. కింది అంచున బందులు ఉంటాయి, పైనుంచి వెనక్కి దించితే నేల మీద వాలి, బండ్లు ఎక్కడానికి దారి అవుతుంది.

మా మేనేజర్‌కు ఇనప పని చూడడం తెలియదు. బూటుతో తన్ని చూసేవాడు. ఖంగుమంటే "రద్దీ మాల్", అంటే తుక్కు సరుకు అని అందరి ముందూ పరువు తీసేవాడు. అంతకు ముందు నెలే నేను చేసిన ఒక గేటును అలా తన్నాడు. ఆ కసి నాలో ఉంది. తన్నుకో చూద్దాం అనుకుని ఈ తలుపుకు ఆరు ఎం.ఎం. మందం రేకు వేశాను. దాని వెనక బలం కోసం ఐదు ఇనప చానళ్లు అడ్డంగా వెల్డింగ్ చేశాను. మూడు సరిపోతాయని నాకు తెలుసు, అయినా ఐదు వేశాను. నలుగురం కలిసి దాన్ని బందుల మీద కూర్చోబెట్టేసరికి నలుగురికీ ఆయాసం వచ్చింది. మేనేజర్ వచ్చి తన్నాడు. మెత్తగా 'దబ్' అంది. నా వైపు చూసి తల ఊపాడు. ఆ ఊపుకు నేను పొంగిపోయాను, సిగ్గులేకపోతే సరి.

ట్రాలీని లాగే పికప్‌కు డ్రైవర్ మా రూమ్‌లోనే ఉండే అన్న. మెట్‌పల్లి దగ్గరి ఊరు. అప్పటికి నలభై అయిదు దాటాయి. నాకంటే ఎనిమిదేళ్లు ముందు వచ్చినవాడు. నేను దిగిన కొత్తలో వారం రోజులూ తన గిన్నెలోనే నాకూ వండాడు. రూమ్‌లో అందరికీ జుట్టు కత్తిరించేది కూడా ఆయనే, చెవుల దగ్గర మాత్రం ఎప్పుడూ ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ. తలుపు బరువు చూసి, ఆయనకు తోడుగా ఇంకో మనిషిని పంపాలని ముందు అనుకున్నారు.

ట్రాలీ చూడడానికి అర్బాబు వచ్చిన రోజు దాని ముందు కాలు విప్పి ఉంది, వెల్డింగ్ కోసం. కొక్కెం ఉండే ముక్కు కిందికి వాలి ఒక చెక్క దిమ్మ మీద ఆనుకుంది. ముందు కిందికి పోతే వెనక పైకి లేస్తుంది కదా. అందువల్ల దించిన తలుపు నేల మీద చదునుగా పడుకోకుండా ఏటవాలుగా నిలబడి ఉంది. పట్టుకుని సగం దాకా లేపితే చాలు, మిగతా సగం దానంతట అదే లోపలికి ఒరిగిపోతుంది. ఇది వెల్డర్‌గా నాకు తెలుసు. చూస్తున్నవాళ్లకు తెలియదు.

"దీనికి ఎంతమంది కావాలి?" అని అర్బాబు అడిగాడు. మేనేజర్ నా వైపు చూశాడు.

మేము ఏం అడిగినా ఇచ్చే జవాబు ఒకటి ఉండేది: మాఫీ ముష్కిల్. ఏం ఇబ్బంది లేదు అని. ఎండలో రేకుల మీదికి ఎక్కాలా? మాఫీ ముష్కిల్. పదిమంది పని ఆరుగురు చేయాలా? మాఫీ ముష్కిల్. చేతకాదు అన్నవాడిని మా షెడ్డులో నేను చూడలేదు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. అరచేతుల్లో ఉమ్మేసుకుని, "మాఫీ ముష్కిల్" అని, తలుపును ఒక్కడినే లేపి మూసేశాను.

అర్బాబు చప్పట్లు కొట్టాడు. మేనేజర్ ఒక వేలు పైకెత్తి చూపించాడు. "ఏక్ ఆద్మీ. ఖలాస్." ఆ ఒక్క మాటతో రెండో మనిషి పోయాడు. అన్న పక్కనే తాళం చెవి పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఏమీ అనలేదు. నా బలం చూసి నోట మాట రాలేదనుకున్నాను.

నెల తిరిగాక ఒకరోజు అన్నం తింటుంటే ఆయన అడిగాడు.

"తమ్మీ, గా తలుపు జర అల్కగ జేయరాదు?"

"ఏందన్నా, బువ్వ సక్కగ తింటలేవా ఏంది?" అన్నాను.

రూమ్‌లో పగలబడి నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా నోటిని నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

తర్వాత ఆయన మంచం వదిలి కింద చాప మీద పడుకోవడం మొదలుపెట్టాడు. నడుముకు తువ్వాలు బిగించి కట్టేవాడు. శుక్రవారాలు బోర్లా పడుకుంటే నేనే మందు రుద్దేవాడిని. కండ పట్టేసిందనేవాడు, నమ్మేవాడిని. నమ్మడం నాకు సుఖంగా ఉండేది. డాక్టర్ దగ్గరికి పోడు. మా మేస్త్రీ ఒకడు నడుము నొప్పని ఎక్స్‌రే తీయించుకుంటే మరుసటి వారం వీసా క్యాన్సల్ చేసి విమానం ఎక్కించారు. ఒకసారి అలా పంపితే మళ్లీ పిలిచేవాడు ఉండడు. అన్న వీసా ఇంకా ఏడు నెలలు ఉంది. అందుకని మా రూమ్‌లో ఎవరికీ నడుములు నొప్పి పుట్టేవి కావు.

ఒక గురువారం మధ్యాహ్నం ట్రాలీ కొక్కెం దగ్గర అతుకు పగిలిందని ఇసుకలోంచి కబురొచ్చింది. నన్ను మెషిన్‌తో పంపారు. అతుకు వేసి, వేడి చల్లారేదాకా ముక్కు దగ్గరే కూర్చున్నాను. ఆట అయిపోయింది. ఆ రోజు అర్బాబు రాలేదు, అతిథుల వెంట మేనేజర్‌ని పంపాడు. నాలుగు బండ్లూ లోపలికి ఎక్కాయి. అతిథులు గుడారం నీడలో కుర్చీలు వేసుకుని చల్లటి డ్రింకులు తాగుతున్నారు. అన్న తలుపు మూయడానికి వెనక్కి వెళ్లాడు.

అంతవరకు ఆయన దాన్ని ఎలా మూస్తాడో నేను చూడలేదు.

ఇసుకలో చక్రాలు దిగబడి ట్రాలీ వెనక భాగం కుంగిపోయింది. తలుపు చాపలా చదునుగా పరుచుకుని ఉంది. ముందు చేతులతో దాని మీది ఇసుక అంతా తోసేశాడు. గొంతుకూర్చుని అంచు కింద వేళ్లు దూర్చి మోకాళ్ల ఎత్తుకు లేపాడు. కాలితో ఒక నీళ్ల క్యాన్‌ను దాని కిందికి నెట్టాడు. ఊపిరి తీసుకున్నాడు. మళ్లీ లేపి స్టెప్నీ టైరు నిలబెట్టాడు. తర్వాత తలుపు కిందికి దూరి, వీపు ఆనించి, సిమెంటు బస్తా ఎత్తుకున్నట్టు దాన్ని వీపు మీద మోస్తూ ఒక్కో అడుగు ముందుకు వేశాడు. బువ్వ తినడం లేదా అని నేను అడిగిన మనిషి నాలుగు నెలలుగా ప్రతి గురువారం ఈ పని చేస్తున్నాడు. కుర్చీలోంచి ఒకాయన కెమెరా తీసి ఫొటో కొట్టాడు. ఇంకొకాయన పోటీ చూస్తున్నట్టు ఈల వేశాడు.

మూడో అడుగులో అన్న మోకాలు మడత పడింది.

తలుపు ఆయన మీదికి దిగింది. టైరు పక్కకు దొర్లిపోయింది, క్యాన్ అణిగి జానెడు సందు మిగిల్చింది. ఆ సందులో అన్న ఉన్నాడు. నేను పరుగెత్తాను. రెండు చేతులతో అంచు పట్టి నా బలమంతా పెట్టి లేపాను. లేవలేదు. చప్పట్లు కొట్టించుకున్న మొనగాడిని, చదును నేల మీద వేలెడు కూడా కదిలించలేకపోయాను. నేను అరిస్తే ఇద్దరు అతిథులు కుర్చీలు వదిలి వచ్చారు. ముగ్గురం లేపితే ఆయన పాకుతూ బయటికి వచ్చాడు. ఎముకలు విరగలేదు కానీ నిటారుగా నిలబడలేకపోయాడు.

నా చెయ్యి పట్టుకుని ఆయన అన్న మొదటి మాట, "ఎవ్వలకు జెప్పకు తమ్మీ."

ఐస్ పెట్టె దగ్గరి నుంచి మేనేజర్ నడిచి వచ్చాడు. మనిషి వైపు చూడలేదు. తలుపు అంచు మీద వేలు రాసి, "పెయింట్ గీసుకుపోయింది చూడు" అన్నాడు. నా సుత్తి నడుముకే వేలాడుతోంది. అన్న నా చెయ్యి వదలకపోవడం వల్ల ఆ రోజు నేను జైలుకు పోలేదు.

శనివారం పొద్దున్నే ఆఫీసుకు పోయి, ఆ తలుపు మార్చాలి సాబ్, ఒక్క మనిషి వల్ల కాదు అన్నాను. మేనేజర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "అర్బాబు ముందు ఎత్తింది ఎవరు? నువ్వే కదా? నాకు కళ్లు లేవా?" అన్నాడు.

ట్రాలీ ముక్కు సంగతి అక్కడే చెప్పేయాల్సింది. నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే అర్బాబు ముందు అబద్ధపు ఆట ఆడినవాడిని అవుతాను, నా వీసా పోతుంది. మింగేశాను. మేనేజర్ చేతులు దులిపేసుకున్నాడు. కంపెనీ టైంలో గంట కూడా ఇవ్వనన్నాడు. శుక్రవారం నీది, ఏమైనా చేసుకో అన్నాడు.

ఆ శుక్రవారం మా రూమ్ కింది దుకాణాల దగ్గర చాయ్ తాగుతూ కూర్చున్నాను. అక్కడ కడప నుంచి వచ్చిన ఒక టైలర్ కొట్టు ఉండేది. నమాజు నుంచి తిరిగి వచ్చాడు. ఒక చేతిలో గుడ్డల మూట, మెడలో టేపు.

"ఏమబ్బా, ఎవరి మీద పండ్లు నూరుతాండావు?" అన్నాడు.

నా మీద, మేనేజర్ మీద, ఆ ఈల వేసినవాడి మీద అని మొత్తం చెప్పాను. ముక్కు సంగతి తప్ప. ఆయన తాళం తీసి, మూట కింద పెట్టకుండానే రెండో చేత్తో షట్టరు సర్రున పైకి లేపాడు.

"ఇది మాత్రం బరువు లేదా అబ్బా? పైన సుట్టలో స్ప్రింగులుండాయి గదా. పోయినేడు అవి తెగిపోతే ముగ్గురం ల్యాపలేకపోతిమి. నీ తలుపుకి పెట్టుకోరాదా?"

తలెత్తి చూశాను. రెండేళ్లుగా ఆ షట్టరు కింద కూర్చుని చాయ్ తాగుతున్నాను. ఇనుము పని నాది, గుడ్డల పని ఆయనది. ఒళ్లు మండింది, ఆయన మీద కాదు.

షట్టర్లు బిగించే షెడ్డు వెనక తుక్కులో రెండు పాత స్ప్రింగులు దొరికాయి. ముందు నా తలుపు నేనే కోశాను. ఐదు చానళ్లలో రెండు తీసేశాను. మందం రేకు విప్పి సగం మందం రేకు వేశాను. కోసిన ప్రతి అతుకూ నేను మురిసిపోతూ వేసిందే. తలుపు పైన, డబ్బా లోపల అడ్డంగా ఒక పైపు పెట్టి స్ప్రింగులు దానికి ఎక్కించాను. పైపు రెండు చివర్ల నుంచి ఇనప తాళ్లు తలుపు రెండు అంచులకు కట్టాను. తలుపు దిగుతుంటే తాళ్లు లాగి స్ప్రింగులు బిగుసుకుంటాయి. లేపేటప్పుడు ఆ బిగువే మనకు సాయం పడుతుంది.

మొదటిసారి కోపం కొద్దీ ఎక్కువ చుట్లు చుట్టాను. టైలర్ కూడా చూడడానికి వచ్చాడు. కిందికి కట్టి ఉంచిన తలుపు మీదికి వంగి కట్టు విప్పాను. అది ఎగిరి వచ్చి నా మూతి మీద కొట్టింది. ముందు పన్ను ఒకటి ఇసుకలో పడింది. టైలర్ నెత్తి మీద చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. నేను బతికే ఉన్నానని తేలాక, "నాలుగు సుట్లు తగ్గించబ్బా, ఇంగా పండ్లు మిగిలుండాయి గదా" అన్నాడు. ఒక్కో చుట్టూ తగ్గించుకుంటూ వచ్చాను. ఉన్నట్టుండి ఎగరకుండా పక్కన ఒక పిన్ను పెట్టాను.

మూడో శుక్రవారం అన్నను తీసుకొచ్చి చూపించాను. రెండు వేళ్లతో దించాడు. రెండు వేళ్లతో లేపాడు. మళ్లీ దించాడు. అలా ఎన్నిసార్లు చేశాడో లెక్కపెట్టలేదు. చివరికి దించిన తలుపు మీద కూర్చుని, "గిప్పుడు తలుపు లెక్కున్నది" అన్నాడు. అంత మెచ్చుకోలు ఆయన దగ్గర ఎవరికీ దొరకలేదు.

నా సంతోషం వారం నిలవలేదు. అర్బాబు, పెళ్లీడుకు వచ్చిన ఆయన కొడుకులిద్దరూ షెడ్డుకు వచ్చారు. మేనేజర్ తన ఆలోచనే అన్నట్టు తలుపు దించి, లేపి చూపించాడు. ఇక దీనికి డ్రైవర్ ఎందుకు, చిన్న సాబులే తీసుకుపోవచ్చు, ముసలాయన్ని శనివారం నుంచి ఇటుకల యార్డుకు పంపిద్దాం అన్నాడు. అక్కడ పొద్దస్తమానం సిమెంటు ఇటుకలు లారీకి ఎత్తాలి. ఆ నడుముతో రెండు రోజులు కూడా నిలవడు. అన్న గుమ్మం దగ్గరే ఉన్నాడు. మనిషి కోసం తలుపు తేలిక చేస్తే, తలుపు తేలికైందని మనిషిని తీసేస్తున్నారు.

మేనేజర్ నా భుజం తట్టాడు. "చెప్పు. ఒక్కరు చాలు కదా?"

"ఫీ ముష్కిల్" అన్నాను.

ఇబ్బంది ఉంది అని. గ్రైండర్లు ఆగిపోయాయి. ఆ మాట ఆ షెడ్డులో అంతకు ముందు ఎవరూ అనలేదు.

అర్బాబు దగ్గరికి వెళ్లి నోరు తెరిచి ఊడిన పన్ను సందు చూపించాను. వచ్చిన అరబ్బీ ముక్కలతో, చేతులతో చెప్పాను. స్ప్రింగు ఇది. చెయ్యి అలవాటు ఉన్న మనిషి దగ్గర ఉండాలి. లేకపోతే ఇలా అవుతుంది. పిన్ను పెట్టాక ఆ భయం లేదని నాకు తెలుసు. అర్బాబు నా పన్ను సందు చూశాడు, తర్వాత కొడుకుల మూతులు చూశాడు. "ఆ డ్రైవర్ ఉంటాడు. వీళ్లు ముట్టుకోరు" అన్నాడు.

మేనేజర్ ముఖం మాడిపోయింది. నాకు మాత్రం తృప్తి లేదు. మొదటి అబద్ధాన్ని ఇంకో అబద్ధంతో కప్పాను అంతే. ఆ రోజు అర్బాబు వింటున్నాడు. మొదటి రోజు బండి ముక్కు వాలి ఉంది సాబ్ అని ఆ ఒక్క ముక్కా అనలేకపోయాను.

అన్న వీసా తీరేదాకా ఆ పికప్ మీదే ఉన్నాడు. నడుము పూర్తిగా నిటారు కాలేదు, కానీ తన కాళ్ల మీద తాను నడిచి ఇల్లు చేరాడు. నాలుగేళ్ల కిందట కాలం చేశాడు.

నన్ను మేనేజర్ పది రోజుల్లో ఇబ్రీ అనే ఇంకో దూరపు ఊరి సైట్‌కు పంపేశాడు. ఎండకు గుడారం కూడా లేని చోటు. వెళ్లే రోజు పొద్దున్నే అన్న నా పెట్టె పట్టుకోబోయాడు, నేను పట్టుకోనివ్వలేదు. షెడ్డు గేటు దాకా వచ్చాడు. లోపల ఉన్న ఆ ట్రాలీ వైపు చూసి అన్నాడు.

"గా దినం అర్బాబు ముంగట నువ్వు తలుపు లేపినప్పుడు బండి ముక్కు కిందికున్నది తమ్మీ. నేను జూసిన."

నేను వెనక్కి తిరిగాను. "మరి గప్పుడే ఎందుకు జెప్పలేదన్నా?"

"జెప్తే నిన్ను క్యాన్సల్ జేద్దురు" అన్నాడు. తర్వాత నా సంచి ఇబ్రీ పోయే బండిలోకి అందిస్తూ, "నువ్వే జెప్తవేమోనని జూసిన" అన్నాడు.

తలుపు వీపు మీద మోస్తూ నెలల తరబడి ఎదురు చూశాడు. నేను చెప్పలేదు. ఆయన పోయాక, ఇప్పుడు మీకు చెబుతున్నాను.